మా ఫ్లాట్ల ముందు నియాన్ కుక్క: వాల్తమ్‌స్టో స్టేడియం కోసం అంత పోరాటం ఎందుకు జరిగింది?

కొత్తకాపురం
ఈ వేసవిలో వాల్తమ్‌స్టోకి మారాము. చింగ్‌ఫర్డ్ రోడ్డు, క్రుకెడ్ బిల్లెట్ కూడలి దగ్గర. ఫ్లాటు బాగుంది, అద్దె ఎంతని మాత్రం అడగకండి. మా ఇళ్ళ ముందు తెల్లటి పెద్ద ముఖద్వారం ఒకటి ఉంది. దాని మీద నియాన్ అక్షరాలతో పాత కుక్కపందేల స్టేడియం పేరు, దూకుతున్న కుక్క బొమ్మ. లోపలికి వస్తే స్టేడియం ఉండదు, మేమే ఉంటాము. చుట్టాలు ఎవరు వచ్చినా గేటు ముందు నిలబడి ఫోను చేసి "మీరు స్టేడియంలో ఉంటారా?" అని అడుగుతున్నారు.
అది సరే. మొన్న బస్సులో ఒక పెద్దాయన నేను ఎక్కడ ఉంటానో విని, "అయితే మా ట్రాక్ మీద పడుకుంటున్నావన్నమాట" అని ముఖం తిప్పుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. కుక్కల మీద డబ్బు కాసే చోటు మూతపడితే ఊరు సంతోషించాలి కదా? ఇంటికి వచ్చి చదివితే సంతకాల సేకరణలు, ఊరేగింపులు, ఇద్దరు పార్లమెంటు సభ్యుల అభ్యంతరాలు, ఏళ్ళ తరబడి పోరాటం. ఒక పందెం మైదానానికి ఇంత బంధుబలగం ఎక్కడిది? లండన్‌లో పాతబడినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

పుల్లట్టు
శీర్షిక చూసి చర్చలో పందెం కుక్కల జాతి పేరు, గ్రేహౌండ్ అన్న మాట వస్తుందని మా నాన్నగారితో అన్నాను. "అడవిలో కూంబింగా?" అన్నారు. ఆయనకు తెలిసిన గ్రేహౌండ్స్ 1989లో మన రాష్ట్రంలో పెట్టిన పోలీసు దళం ఒక్కటే.

ఈస్ట్‌హామ్_సుబ్బారావు
కొత్తకాపురం గారూ, ఆ పెద్దాయన మీద కోపం పెట్టుకోకండి. నేను ఈస్ట్‌హామ్‌లో దిగిన కొత్తలో మా వేర్‌హౌస్ వాళ్ళు శనివారం రాత్రి నన్ను అక్కడికి తీసుకెళ్ళారు. గుర్రప్పందేలంటే మలక్‌పేట తెలుసు, కుక్కల పందెం ఏమిటని నేనూ నవ్వాను. వెళ్ళాక తెలిసింది.
ఆరు కుక్కలు. ఒకటికి ఎరుపు, రెండుకి నీలం, మూడుకి తెలుపు, నాలుగుకి నలుపు, ఐదుకి నారింజ, ఆరుకి నలుపు తెలుపు చారల కోటు. ఉత్తుత్తి కుందేలు పట్టా మీద చప్పుడు చేసుకుంటూ వస్తుంది, కుక్కలను నిలబెట్టిన డబ్బాల తలుపులు లేస్తాయి, 475 మీటర్లు అర నిమిషంలో అయిపోతాయి. తరువాతి పందెం దాకా పావు గంట ఖాళీ. ఆ పావు గంటే అసలు విషయం. అందరూ మాట్లాడుకునేది అప్పుడే. టాక్సీ డ్రైవర్లు, కూరగాయల వ్యాపారులు, పుట్టినరోజు చేసుకునే ఆడపిల్లలు, మనవణ్ణి భుజాన ఎత్తుకున్న తాత. ఒకటి రెండు పౌండ్లు కాసి సాయంత్రమంతా గడిపేవాళ్ళే ఎక్కువ. భాష సరిగ్గా రాని రోజుల్లో "ఆరో నంబరు" అని నేను అరిస్తే పక్కవాడు నా భుజం తట్టాడు. లండన్‌లో నన్ను ఎవరైనా తట్టింది అదే మొదటిసారి.

మూగజీవి
భుజం తట్టడం బాగుంది. ఆ ఆరో నంబరు కుక్క తరువాత ఏమైందో కూడా చెప్పండి సుబ్బారావు గారూ.

ఈస్ట్‌హామ్_సుబ్బారావు
ఓడిపోయింది.

మూగజీవి
నేను అడిగింది అది కాదని మీకూ తెలుసు.

పాతపత్రికల_మూల
ముందు చరిత్ర, తరువాత కొట్లాట. ఆ చోట మొదట చిన్న ట్రాక్ ఉండేది. విలియం ఛాండ్లర్ అనే బుక్‌మేకర్, అంటే పందేలు కట్టించుకునే వ్యాపారి, దాన్ని కొని స్టేడియం కట్టించాడు. 1933లో తెరిచారు. ప్రారంభించింది ఎవరనుకున్నారు? ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాకు ఒంటరిగా విమానం నడిపిన ఎమీ జాన్సన్. 1945 ఎన్నికల ప్రచారంలో చర్చిల్ అక్కడే సభ పెట్టాడు. యుద్ధం గెలిపించిన మనిషిని జనం అరిచి గోల చేశారు. ఆ ఎన్నికల్లో ఆయన పార్టీ ఓడిపోయింది కూడా. డేవిడ్ బెక్‌హామ్ కుర్రతనంలో ఖాళీ గ్లాసులు ఏరిన ఉద్యోగం ఈ స్టేడియంలోదే. మూసేదాకా అది ఛాండ్లర్ కుటుంబం చేతిలోనే ఉంది. ఆఖరి పందేలు 2008 ఆగస్టు 16న జరిగాయి.
బ్రిటన్‌లో ఈ ఆట వయసు కూడా పెద్దదేమీ కాదు. యంత్రపు కుందేలు అమెరికా సరుకు. మాంచెస్టర్ బెల్ వ్యూలో 1926 జులై 24న మొదటిసారి గుండ్రటి ట్రాక్ మీద కుక్కలను పరిగెత్తించారు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి ఒక్క 1946లోనే మూడు కోట్ల పైచిలుకు టిక్కెట్లు. గుర్రప్పందేలు పగలు, ఊరికి దూరంగా, దొరల వ్యవహారం. కుక్కల పందేలు రాత్రిపూట, ట్రామ్ దిగితే అక్కడే. ఫ్యాక్టరీ వదిలాక భోజనం చేసి వెళ్ళవచ్చు.

కొత్తకాపురం
ఎమీ జాన్సన్ సంగతి నాకు నచ్చింది. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. అంత జనం ఉంటే మూతపడటం ఎందుకు?

పాతపత్రికల_మూల
జనం పోయారు కాబట్టి. 1961 మే నెల దాకా ట్రాక్ బయట నగదుతో పందెం కాయడం చట్టవిరుద్ధం. గుర్రానికైనా కుక్కకైనా చట్టప్రకారం నోటు తీసి కాయాలంటే మైదానానికి రావాలి. ఆ నెలలో వీధుల్లో బెట్టింగ్ దుకాణాలు తెరుచుకున్నాయి, రావలసిన పని తప్పింది. 1967 నుంచి ఆ దుకాణాల కోసమే మధ్యాహ్నం పందేలు నడపడం మొదలైంది. ఖాళీ గ్యాలరీల ముందు కుక్కలు పరిగెడతాయి, పందెం కాసేవాడు ఎక్కడో దుకాణంలో స్పీకరు ముందు ఉంటాడు. ఆ మీదట టీవీ, ఇంటర్నెట్. ఒకప్పుడు లండన్‌లో ముప్పైకి పైగా ట్రాకులు ఉండేవి. 2025 జనవరిలో క్రేఫర్డ్ మూసేశాక గ్రేటర్ లండన్‌లో మిగిలింది రామ్‌ఫర్డ్ ఒక్కటే.

పుల్లట్టు
అంటే కుక్కలకు వర్క్ ఫ్రమ్ హోమ్ దొరకలేదు, పందెం కాసేవాళ్ళకు దొరికింది.

ప్లానింగ్_పద్దు
నేను లండన్‌లో ఒక కౌన్సిల్‌లో ప్లానింగ్ శాఖలో పని చేస్తాను. ఇది మా కౌన్సిల్ ఫైలు కాదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.
కొత్తకాపురం గారి ఇంటి ముందున్న ముఖద్వారం, దాని వెనక టోట్ బోర్డు (పందెం లెక్కలు చూపే పెద్ద పలక) 2007లో గ్రేడ్ టూ లిస్టింగ్‌లోకి, అంటే చట్టం కాపాడే పాత కట్టడాల జాబితాలోకి, వచ్చాయి. అందుకే అవి ఇంకా నిలబడి ఉన్నాయి. లిస్టింగ్ వచ్చిందంటే స్టేడియం బతికినట్లే అని చాలామంది అనుకుంటారు. ఆ చట్టం కాపాడేది కట్టడాన్ని. లోపల కుక్కలు పరిగెత్తాలా, మనుషులు కాపురం ఉండాలా అన్నది దానికి పట్టదు. మరుసటి ఏడాదే కుటుంబం ఆ స్థలాన్ని అమ్మేసింది. కొన్నది ఎల్ అండ్ క్యూ అనే హౌసింగ్ అసోసియేషన్, ధర 1.8 కోట్ల పౌండ్లు. అప్పుడు పుట్టిందే "సేవ్ అవర్ స్టో" ఉద్యమం. వాళ్ళు ప్లకార్డులు పట్టుకుని ఊరుకోలేదు. పందేలు మళ్ళీ నడిచే ప్రత్యామ్నాయ ప్రణాళిక పట్టుకుని తిరిగారు, డబ్బు పెట్టే వ్యాపారవేత్త కూడా ముందుకు వచ్చాడు. చింగ్‌ఫర్డ్ కన్సర్వేటివ్ ఎంపీ ఇయన్ డంకన్ స్మిత్, వాల్తమ్‌స్టో లేబర్ ఎంపీ స్టెల్లా క్రీసీ ఇద్దరూ ఇళ్ళ ప్రణాళికను వ్యతిరేకించారు. ఆ ఇద్దరూ ఒక మాట మీద ఉండటం అరుదు.
అయినా యజమాని అమ్మనంటే అమ్మడు. 2012లో వాల్తమ్ ఫారెస్ట్ కౌన్సిల్ 294 ఇళ్ళకు అనుమతి ఇచ్చింది, మేయరుగా ఉన్న బోరిస్ జాన్సన్ అడ్డు చెప్పలేదు. కథ అక్కడితో ముగిసింది.

గోదారిగట్టు
294 ఇళ్ళంటే 294 కుటుంబాలు. లండన్‌లో ఇల్లు దొరక్క ఒక గదిలో నలుగురేసి ఉన్న రోజులు మనలో ఎంతమందికి లేవు? వారానికి కొన్ని రాత్రులు కుక్కలు పరిగెత్తే స్థలంలో ఇళ్ళు కడితే ఏడవడం ఎందుకో నాకైతే అర్థం కావడం లేదు.

ఈస్ట్‌హామ్_సుబ్బారావు
ఆ ఇళ్ళలో సామాన్యుడికి అందుబాటులో ఉండేవి ఎన్ని అన్నదే అప్పటి పెద్ద గొడవ. అయిదింటిలో ఒకటి అన్నారు. కొత్తకాపురం గారు అద్దె అడగకండి అన్నారు కదా, దాన్ని బట్టి చూసుకోండి.

కొత్తకాపురం
నన్ను సాక్ష్యానికి పిలవకండి.

కౌలీ_కాపురం
వాల్తమ్‌స్టో గురించే మాట్లాడుతున్నారు, గెలిచిన ఊరు కూడా ఉంది. మాది ఆక్స్‌ఫర్డ్. యూనివర్సిటీ వైపు కాదు, కార్ల ఫ్యాక్టరీ ఉన్న కౌలీ వైపు. ఇక్కడి స్టేడియం 1939లో మొదలైంది. కుక్కల పందేలతో పాటు బ్రేకులు లేని మోటారు సైకిళ్ళ పందేలు, అదే స్పీడ్‌వే, జరిగేవి. 2012 డిసెంబరు చివర కుక్కల పందేలు ఆపేశారు. స్థలం ఇళ్ళకే అన్నారు. స్థానికులు వదల్లేదు. కుక్కలవాళ్ళు, స్పీడ్‌వే వాళ్ళు ఒకటయ్యారు. 2014లో సిటీ కౌన్సిల్ మొత్తం స్థలాన్ని కన్సర్వేషన్ ఏరియాగా ప్రకటించింది. కన్సర్వేషన్ ఏరియా అంటే మనకు కాలేజీ గోపురాలు, రాతి వీధులు గుర్తుకు వస్తాయి. ఇక్కడ రేకుల షెడ్లు, ఇసుక ట్రాక్! కార్ల ఫ్యాక్టరీ పనివాళ్ళు సాయంత్రాలు గడిపిన చోటు కూడా చరిత్రే అని ఒక కౌన్సిల్ ఒప్పుకోవడం నాకు భలే నచ్చింది.
తరువాత చాలా ఏళ్ళు ఏమీ జరగలేదు. గడ్డి పెరిగింది, గోడల మీద రంగుల రాతలు వచ్చాయి. మేము ఇల్లు కొనేటప్పుడు ఏజెంటు కూడా "అది ఎప్పుడో అప్పుడు ఇళ్ళుగా మారిపోతుంది" అన్నాడు. కెవిన్ బూత్‌బీ అనే పందేల నిర్వాహకుడు లీజుకు తీసుకుని బాగు చేయించాడు. 2022లో ముందు స్పీడ్‌వే, సెప్టెంబరులో కుక్కలు తిరిగి వచ్చాయి. ఇళ్ళ కోసం మూసిన స్టేడియం మళ్ళీ తెరుచుకోవడం ఈ దేశంలో చాలా అరుదు.

ప్లానింగ్_పద్దు
కౌలీ_కాపురం గారు చెప్పినదానిలో ఒక మెలిక గమనించండి. కౌన్సిల్ ప్రకటన వల్ల స్టేడియం తెరుచుకోలేదు. ఇళ్ళు కట్టడం కష్టమైంది, అంతే. స్థలం అలా ఖాళీగా పడి ఉన్నంత కాలం యజమానికి లీజుకు ఇవ్వడమే మేలనిపించింది. ఉద్యమం కొనిపెట్టింది కాలం. వాల్తమ్‌స్టోలో ముఖద్వారానికే రక్షణ ఉండటంతో వెనకున్న ట్రాక్ మొత్తం ఇళ్ళకు ఖాళీ అయింది.
ఇప్పుడైతే 2011 నాటి లోకలిజం చట్టం ఉంది. ఊరివాళ్ళు ఒక స్థలాన్ని సమాజానికి విలువైన ఆస్తిగా నమోదు చేయించవచ్చు. యజమాని అమ్మకానికి పెట్టినప్పుడు మేము కొంటామని ముందుకు వస్తే ఆరు నెలలు గడువు దొరుకుతుంది. ఆ లోపు డబ్బు పోగు చేసుకోవాలి. పోగు చేసినా వాళ్ళకే అమ్మాలన్న నిబంధన లేదు. వాల్తమ్‌స్టో అమ్మకం నాటికి ఆ మాత్రం కూడా లేదు.

భాగ్యనగరి
హైదరాబాదులో ఎర్రమంజిల్ గుర్తుకు వచ్చింది. కొత్త శాసనసభ కోసం దాన్ని కూల్చేస్తామంటే జనం కోర్టుకు వెళ్ళారు, 2019లో హైకోర్టు ప్రభుత్వ నిర్ణయాన్ని కొట్టేసింది. గోడలు మిగిలాయి. అదే సికింద్రాబాదులో సంగీత్ థియేటరు పోయినప్పుడు బాధపడినవాళ్ళం చాలామందిమి ఉన్నాము కానీ కోర్టుకు వెళ్ళినవాళ్ళం లేము. సినిమా హాలు కూడా వారసత్వమే అని మనకు తోచలేదు. ఆ కౌలీ రేకుల షెడ్ల సంగతి చదివి కొంచెం కుళ్ళుకున్నాను.

మూగజీవి
రెండు పేజీలుగా ఇటుకలు, లీజులు, చట్టాలు. కుక్కల గురించి ఎవరూ ఎత్తడం లేదు. సినిమా హాల్లో ఎవరి కాళ్ళూ విరగవు భాగ్యనగరి గారూ.
పందేలను నియంత్రించే బ్రిటన్ గ్రేహౌండ్ బోర్డు లెక్కలే చెబుతాను, జంతు ప్రేమికుల లెక్కలు అని కొట్టిపారేయకుండా. 2024లో ట్రాక్ మీద చనిపోయిన కుక్కలు 123. గాయాలు 3,809. ఒక్క ఏడాదిలో. మలుపుల దగ్గర ఆరు కుక్కలు ఒకదాని మీద ఒకటి పడతాయి, కాళ్ళ ఎముకలు విరుగుతాయి. ఇక పాత రోజులే బాగుండేవన్న మాట వద్దు. 2006లో డర్హమ్ కౌంటీ సీహామ్‌లో ఒక వ్యక్తి పనికిరాని గ్రేహౌండ్లను డబ్బు తీసుకుని చంపి పొలంలో పూడ్చిపెడుతున్నాడని ఒక ఆదివారం పత్రిక బయటపెట్టింది. పదిహేనేళ్ళలో పదివేలు అని రాసింది. సుబ్బారావు గారు భుజం తట్టించుకున్న ఏళ్ళు అవే. మీరు చంపారని అనడం లేదు. ఆ వినోదానికి అయ్యే ఖర్చు ఎవరు కట్టారో ఉద్యమాల కరపత్రాల్లో రాయరు అంటున్నాను.

ఈస్ట్‌హామ్_సుబ్బారావు
సీహామ్ సంగతి బయటపడ్డాక మా వేర్‌హౌస్ వాళ్ళలో ఇద్దరు పందేలకు రావడం మానేశారు. నేను మానలేదు. ఇక్కడ మంచివాడిలా కనపడాలని దాచను. 2010లో ఆ కుక్కల సంక్షేమానికి నిబంధనలు వచ్చాయి, ప్రతి ట్రాక్ దగ్గరా పశువైద్యుడు ఉండాలన్నారు. అదంతా ఆ గొడవ తరువాతే. మీరు చెప్పిన అంకెలు కాదనను. వాల్తమ్‌స్టో ట్రాక్ మూస్తే ఆ కుక్కలు బాగుపడ్డాయా? రామ్‌ఫర్డ్‌కి, క్రేఫర్డ్‌కి వెళ్ళాయి. ట్రాక్ ఒక్కటి మూస్తే పందెం ఆగదు, మా ఊరి సాయంత్రం ఆగుతుంది.

మూగజీవి
అందుకే అన్నీ మూయాలి.

కార్డిఫ్_కాకరకాయ
మా దగ్గర అదే జరుగుతోంది. వేల్స్‌లో మిగిలింది ఒకే ఒక్క ట్రాక్, ఇస్ట్రాడ్ మునాఖ్ దగ్గర వ్యాలీ స్టేడియం. నిషేధించాలని 35,000కు పైగా సంతకాలతో అర్జీ పెట్టారు. 2025 ఫిబ్రవరిలో వేల్స్ ప్రభుత్వం నిషేధిస్తామని ప్రకటించింది. ఉద్యమం అంటే మూయవద్దనేవాళ్ళదే అనుకోకండి, మూయమనేవాళ్ళకూ ఊరు ఉంది, సంతకాలు ఉన్నాయి. అయితే ఆ లోయ బొగ్గు గనులు మూతపడిన లోయ. అక్కడి ముసలివాళ్ళకు "మీ మంచికే మూస్తున్నాము" అన్న మాట కొత్త కాదు. నేను నిషేధం వైపే ఉన్నాను. వాళ్ళ ముఖాల ముందు ఆ మాట అనడం మాత్రం నా వల్ల కాదు.

ఆక్లాండ్_అప్పడం
న్యూజిలాండ్‌లో కూడా 2024 డిసెంబరులో ప్రకటించారు. 2026 ఆగస్టు 1కల్లా దుకాణం కట్టేయాలి. పందెం కుక్కలు దాదాపు 2,900 ఉన్నాయని మంత్రి అన్నారు. వాటన్నిటికీ ఇళ్ళు వెతకడం ఇప్పుడు అసలు తలనొప్పి. మా ఆవిడ ఒకటి తెద్దామంటోంది. తెలిసినవాళ్ళు చెప్పండి, గ్రేహౌండ్‌కి పెద్ద దొడ్డి కావాలా?

నైట్‌షిఫ్ట్_నర్సు
వద్దు అప్పడం గారూ, సోఫా కావాలి!
మా ఇంట్లో ఉన్నది పందేల నుంచి రిటైరైన ఆడ గ్రేహౌండ్. చెవి లోపల పచ్చబొట్టు నంబరు ఉంది, ఐర్లండ్‌లో పుట్టింది. ఇక్కడ పరిగెత్తేవాటిలో ఎక్కువ భాగం అక్కడివే. గంటకు అరవై కిలోమీటర్లు పరిగెత్తే జీవి అని భయపడుతూ తెచ్చుకున్నాము. రోజులో ముప్పాతిక భాగం నిద్ర. నా నైట్ షిఫ్టులకు సరిగ్గా జోడీ. మొదట్లో మెట్లు ఎక్కడం రాదు, గాజు తలుపు అంటే తెలియదు, అద్దంలో కుక్కను చూసి పలకరించేది. కెనెల్‌లో, అంటే కుక్కల కొట్టంలో, పెరిగినదానికి ఇల్లు అంటే ఏమి తెలుస్తుంది? ఒంటి మీద కొవ్వు లేదు కాబట్టి చలికాలం కోటు తప్పదు. మా అత్తయ్య గుంటూరు నుంచి వచ్చినప్పుడు మొదటి వారం ముట్టుకోలేదు. రెండో వారానికి "ఎండుకొమ్మలా ఉంది, దీనికి అన్నం పెట్టరా మీరు?" అని నాతోనే పోట్లాట. పక్కటెముకలు కనిపించడం దానికి ఆరోగ్యమే అని పశువైద్యురాలు చెప్పినా ఆవిడ నమ్మలేదు.
చర్చలో నా మాట ఇది. మూగజీవి గారి కోపం న్యాయమే, మా దాని వెనక కాలి ఎముక అతుక్కున్న చోటు నేను రోజూ తడుముతాను. కానీ దాన్ని నా చేతికి ఇచ్చిన ముసలాయన పాతికేళ్ళు పందేలకు వెళ్ళిన మనిషే. ట్రాక్ మూతపడ్డాక కూడా రిటైరైన కుక్కలకు ఇళ్ళు వెతుకుతూ ఉన్నాడు. ఇచ్చేటప్పుడు కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన్ను ఏ పక్షంలో కూర్చోబెట్టాలో నాకు తెలియదు.

మూగజీవి
ఆయన్ను కుక్కల పక్షంలో. మీ అత్తయ్యగారిని కూడా.

టాంపా_తాతయ్య
ఫ్లోరిడా ముచ్చట వినండి. 2018 నవంబరులో ఇక్కడ ప్రజల ఓటుకు పెట్టారు, దాదాపు 69 శాతం నిషేధించమన్నారు. 2020 ఆఖరుకి రాష్ట్రమంతా ఆగిపోయాయి. మా పక్కన సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో డెర్బీ లేన్ అని 1925లో పెట్టిన ట్రాక్. కుక్కలు వెళ్ళిపోయాయి, అదే ఆవరణలో పేకాట గది నడుస్తూనే ఉంది. మా చట్టం ప్రకారం ముక్కలాటకు అనుమతి రావాలంటే కుక్కలను పరిగెత్తించాలి అని ఒకప్పటి మెలిక. చాలా ఏళ్ళు ఎవరూ చూడని పందేలు అందుకోసమే నడిపారు. అంటే కుక్కలు పరిగెత్తింది పేకాటరాయుళ్ళ కోసం.

పుల్లట్టు
తాతయ్య గారూ, మీరు ఆ గదికి వెళ్ళారా లేదా అన్నది మేము అడగము.

టాంపా_తాతయ్య
అడగకండి.

గోదారిగట్టు
మూగజీవి గారితో ఏకీభవిస్తున్నాను. జంతువుల మీద డబ్బు కాయడం ఏ దేశంలోనైనా అనాగరికమే.

భాగ్యనగరి
మీ పేరు గోదారిగట్టు. సంక్రాంతికి భీమవరం వైపు ఏ పందేలు జరుగుతాయో మీకు తెలియదా?

గోదారిగట్టు
అది సంప్రదాయం.

పుల్లట్టు
ఈ ఒక్క జవాబుకి ఆ బస్సు పెద్దాయన చప్పట్లు కొడతాడు.

గోదారిగట్టు
వెటకారం అక్కర్లేదు. కోడికి కత్తి కట్టడం నేనూ సమర్థించను. ఊరంతా కలిసే రోజు అని అంటున్నాను.

ఈస్ట్‌హామ్_సుబ్బారావు
నేను మొదటి నుంచి చెబుతున్నది కూడా అదేనండీ.

వేదిక_నిర్వాహకి
కోడిపందేల మీద వేరే చర్చ ఇప్పటికే 40 పేజీలు ఉంది. దయచేసి అక్కడికి వెళ్ళండి. వ్యక్తిగతంగా రాసిన రెండు వ్యాఖ్యలు తీసేశాను. ఎవరివో వారికి తెలుసు.

పాతపత్రికల_మూల
ఊరు అన్న మాట దగ్గరే ఆగుదాం. వింబుల్డన్ కథ మరీ చిత్రం. టెన్నిస్ వింబుల్డన్ కాదు, ప్లవ్ లేన్ దగ్గరి కుక్కల స్టేడియం. 1985 నుంచి ఇంగ్లిష్ గ్రేహౌండ్ డెర్బీ, ఈ ఆటలో పేరున్న పెద్ద పందెం, జరిగింది అక్కడే. దాన్ని కాపాడాలని పందేల అభిమానులు పోరాడారు. అవతల ఉన్నది ఊరూపేరూ లేని బిల్డర్ అయితే జాలి ఎటు చూపాలో సులువుగా తేలేది. అవతల ఉన్నది ఏఎఫ్‌సీ వింబుల్డన్ అనే ఫుట్‌బాల్ క్లబ్. వాళ్ళ పాత క్లబ్‌ను 2002లో మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి అనుమతి వచ్చింది. అభిమానులు కడుపు మండి, సొంతంగా కొత్త జట్టు పెట్టి, బాగా కింది స్థాయి లీగు నుంచి మొదలుపెట్టి పైకి వచ్చారు. సొంత పేటకు తిరిగి రావడం వాళ్ళ కల. వాళ్ళకు దొరికిన స్థలం ఈ కుక్కల స్టేడియమే. 2017 మార్చి 25న ఆఖరి పందేలు జరిగాయి, 2020 నవంబరులో కొత్త ఫుట్‌బాల్ మైదానం తెరిచారు. దానితో పాటు వందల ఫ్లాట్లు. సంతకాలు సేకరించిన రెండు గుంపుల్లో ఒకటి ఇంటికి వచ్చింది, ఒకటి ఇల్లు పోగొట్టుకుంది. దాన్ని ఊరు గెలిచిందనాలా, ఓడిందనాలా?

కౌలీ_కాపురం
డెర్బీ ఇప్పుడు ఎక్కడ?

పాతపత్రికల_మూల
వింబుల్డన్ నుంచి టౌస్టర్ వెళ్ళింది, అక్కడి నుంచి నాటింగ్‌హామ్, మళ్ళీ టౌస్టర్. అద్దె ఇళ్ళు మారినట్లు మారుతోంది.

ప్లానింగ్_పద్దు
వింబుల్డన్‌లో ఒక మాట. ఊరివాళ్ళ ప్రేమను బట్టి అనుమతులు ఇవ్వరు. ఆ చోటు వ్యాపారంగా నిలబడుతుందా, దాని బదులు ఊరికి ఏమి దొరుకుతుంది అని చూస్తారు. ఫుట్‌బాల్ క్లబ్ వస్తే క్రీడాస్థలం పోలేదు అని రాసుకోవచ్చు. కుక్కల పందేల మీద ప్రేమ ఉన్నవాళ్ళు వారంవారం టిక్కెట్టు కొనరు, మూస్తున్నారని తెలిసిన రోజు అందరూ వస్తారు.

ఈస్ట్‌హామ్_సుబ్బారావు
ఇది నా మీద వేసిన రాయి అని తెలుసు. నిజమే. 2008 ఆగస్టులో ఆఖరి రాత్రి గేటు దగ్గర వరస రోడ్డు దాకా ఉంది. లోపల నా పక్కన నిలబడినవాళ్ళలో చాలామంది ఏళ్ళ తరువాత వచ్చినవాళ్ళే. "వీళ్ళందరూ ప్రతి శనివారం వచ్చి ఉంటే ఈ రాత్రి ఉండేది కాదు" అని పందెం నోట్లు లెక్కపెట్టే ఆవిడ అంది. ఆవిడ మాత్రం ఏ రాత్రీ మానలేదు, ఉద్యోగం కదా. ఊరి సాయంత్రం అని నేను రాసినదానిలో వాళ్ళ జీతాలు కూడా ఉన్నాయి: కెనెల్ కుర్రాళ్ళు, వంటవాళ్ళు, టిక్కెట్లు చింపేవాళ్ళు. ఉద్యమంలో గట్టిగా అరిచింది మా లాంటి ప్రేక్షకులు, ఎక్కువ పోగొట్టుకున్నది వాళ్ళు.

నైట్‌షిఫ్ట్_నర్సు
సుబ్బారావు గారూ, రామ్‌ఫర్డ్ వెళుతుంటారా ఇప్పుడు?

ఈస్ట్‌హామ్_సుబ్బారావు
లేదమ్మా. మా అమ్మాయి వెళ్ళనివ్వదు. అది మూగజీవి గారి పార్టీ.

మూగజీవి
మీ అమ్మాయికి నా నమస్కారాలు చెప్పండి.

కొత్తకాపురం
ఇంత సమాచారం వస్తుందని అనుకోలేదు. ఆ పెద్దాయనతో ఏమనాలో ఇంకా తేలలేదు కానీ, ఎమీ జాన్సన్ సంగతి అడిగితే బస్సు దిగేదాకా ఆయనే మాట్లాడతాడని అర్థమైంది.
ఇంకో సంగతి. మా ఇళ్ళవాళ్ళ వాట్సాప్ గుంపులో ఇదే చర్చ పెట్టాను. గేటు దగ్గర చరిత్ర చెప్పే ఒక పలక పెడదామని నలుగురు అన్నారు. ఏమి రాయాలి? చిన్నగా ఉండాలి, పిల్లలు చదివేలా.

పాతపత్రికల_మూల
"1933లో ఎమీ జాన్సన్ ప్రారంభించిన వాల్తమ్‌స్టో గ్రేహౌండ్ స్టేడియం ఇక్కడ 2008 వరకు నడిచింది." ఇంతే చాలు.

ఈస్ట్‌హామ్_సుబ్బారావు
కాపాడుకోవాలని ఊరివాళ్ళు పోరాడారు అన్నది కూడా ఉండాలి. లేకపోతే దానంతట అదే మూతపడిందని పిల్లలు అనుకుంటారు.

మూగజీవి
కుక్కలు గాయపడ్డాయి, చనిపోయాయి అన్నది కూడా ఉండాలి. లేకపోతే ఆ నియాన్ కుక్క సంతోషంగా దూకుతోందని పిల్లలు అనుకుంటారు.

గోదారిగట్టు
294 ఇళ్ళు వచ్చాయన్నది కూడా రాయండి.

పుల్లట్టు
ఇది పలక కాదు, పంచాయతీ తీర్పు.

నైట్‌షిఫ్ట్_నర్సు
ఒకటి రెండు కుక్కల పేర్లు రాయండి. గెలిచినవి, గెలవనివి.

కొత్తకాపురం
అన్నీ రాస్తే ముఖద్వారం మొత్తం పలకే అవుతుంది. సరే, మూల గారి వాక్యం, సుబ్బారావు గారి వాక్యం, మూగజీవి గారి వాక్యం తీసుకుంటాను. నర్సు గారూ, పేర్లు ఆ పెద్దాయన్నే అడుగుతాను. ఈ ఆదివారం తెచ్చి గోడకు తగిలించేస్తాము.

ప్లానింగ్_పద్దు
ఆగండి. ఆ ముఖద్వారం గ్రేడ్ టూ అని ముందే రాశాను. దానికి పలక బిగించాలంటే లిస్టెడ్ బిల్డింగ్ అనుమతి కావాలి. అనుమతి లేకుండా మేకు కొట్టడం నేరం.

కొత్తకాపురం
పోనీ పక్కన ఒక స్తంభం పాతి దానికి తగిలిస్తే?

ప్లానింగ్_పద్దు
స్థలం మీది కాదు కదా, ముందు యజమానిని అడగండి. తరువాత కౌన్సిల్‌కు రాయండి. ఫోటోలు, కొలతలు జతచేయండి. మామూలుగా ఎనిమిది వారాలు పడుతుంది.